చదివే కళ్ళజోడుకు ప్రూఫులు దిద్దాను

లిఫ్టు దగ్గరే మొదటి తప్పు దొరికింది.

చూపు, వినికిడి, నడక ఇబ్బందులున్నవాళ్ళ కోసం కృత్రిమ మేధతో పరికరాలు తయారుచేసే పరిశోధనశాల అది. విశాఖలోని ఒక విశ్వవిద్యాలయంలో, రెండో అంతస్తులో ఉంది. ఆ లిఫ్టు బటన్లేమో నున్నటి గాజు పలక మీద, వేలు ఆనితే చాలు పనిచేసే రకం. బ్రెయిలీ చుక్క లేదు, తడిమి గుర్తుపట్టడానికి చిన్న గాటు లేదు, ఏ అంతస్తు వచ్చిందో చెప్పే గొంతు లేదు. రెండు కోసం తడుముతుంటే ఒకటీ, మూడూ, నాలుగూ అన్నీ నొక్కుకుపోయాయి. మా ఆవిడ పక్కన ఉండబట్టి సరిపోయింది. లేకపోతే భవనమంతా పర్యటించి మళ్ళీ కిందికే వచ్చేవాణ్ని.

పరిశోధనశాల పేరు రాయడం లేదు. అక్కడి పరికరాలు ఇంకా పరీక్షలోనే ఉన్నాయి, అమ్మకానికి కాదు. పైగా నేను చెప్పబోయే వాటిలో ఫిర్యాదులే ఎక్కువ. పిల్లలు కష్టపడుతున్నారు, వాళ్ళ మీద బురద చల్లాలని నాకు లేదు.

నా సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. 31 ఏళ్ళు ఈ ఊరి అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దాను. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక చిన్న ప్రెస్సులో, సీసపు అక్షరాలను కేసుల్లోంచి ఏరి పేర్చే రోజుల్లో చేరాను. మొదటి రెండేళ్ళూ నా పని కాపీ చదవడమే. పెద్దాయన గ్యాలీ ప్రూఫు ముందు పెట్టుకుని కూర్చుంటే, నేను రాతప్రతిని కామాలతో, చుక్కలతో సహా పైకి చదవాలి. తర్వాత ఎర్రసిరా కలం నా చేతికి వచ్చింది. కంపోజింగు కంప్యూటర్ల మీదికి మారినా కలం మారలేదు. చివరికి నీటికాసులు వచ్చాయి. ఈ జబ్బు సాధారణంగా నొప్పి పుట్టించదు. ముందు పక్క చూపును తినేస్తుంది. ఎదుట ఉన్నది బాగానే కనిపిస్తుంది కనుక మనిషికి అనుమానం రాదు. మార్జిన్‌లో నేనే పెట్టిన గుర్తులు నాకు కనిపించకుండా పోయినప్పుడు తెలిసింది, అప్పటికే చాలా పోయిందని. ఇప్పుడు 66 ఏళ్ళు. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. 58వ ఏట బ్రెయిలీ నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే నా వేళ్ళకు ఇంకా రెండో తరగతి చదువే వచ్చింది.

ఇంట్లో ఫోనులో టాక్‌బ్యాక్, మనవడు వదిలేసిన ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడతాను. రెండూ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు. ఈ రెండోదాన్ని 2006లో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు మొదలుపెట్టారు. ఇద్దరూ చూపులేనివాళ్ళే. డబ్బు పెట్టి కొనే పని లేదు. ఏ మీట ఎక్కడ ఉంటే చేతికి వీలో వాడేవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు, ఆ సంగతి దాన్ని వాడుతుంటే అడుగడుగునా తెలుస్తుంది. ఏ కొత్త పరికరాన్ని అయినా నేను దాని పక్కన పెట్టి కొలుస్తాను. అది నా దురలవాటు.

ఈ పరికరాలను పరీక్షించి చూడమని ఆహ్వానం వాట్సాప్‌లో బొమ్మగా వచ్చింది. బొమ్మలోని అక్షరాలను నా పాత ఫోను చదవదు, "చిత్రం" అని చెప్పి ఊరుకుంటుంది. పేరు నమోదు చేసుకోబోతే నేను మనిషినని నిరూపించుకోవడానికి వంకర అక్షరాల బొమ్మ ఒకటి చూసి రాయమంది. కనిపించనివాళ్ళను పరీక్షకు పిలిచి, కనిపిస్తేనే లోపలికి రమ్మనడం అన్నమాట. భవనాలే కాదు, సమాచారమూ ఎలక్ట్రానిక్ సేవలూ అందరికీ అందుబాటులో ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే చెప్పింది. ఆ చట్టం గురించిన పెద్ద పోస్టరు ఈ పరిశోధనశాల గోడకే ఉందని మా ఆవిడ చదివి వినిపించింది.

లోపల మాత్రం మర్యాదకు లోటు లేదు. కుర్చీ ఎక్కడుందో చెయ్యి పట్టుకుని లాగకుండా మాటతో చెప్పారు. నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టారో చెప్పి పెట్టారు. మాతో మాట్లాడాల్సింది మాతోనే మాట్లాడారు, మా ఆవిడతో "ఆయనకు పంచదార వేయమంటారా" అని అడగలేదు. ఎన్నో ఆసుపత్రుల్లో దొరకని మర్యాద ఇది. ఆచార్యులు వచ్చి మాతృభాష, సాంకేతికత అంటూ పావుగంట మాట్లాడి, మాతో ఫొటోలు దిగి వెళ్ళారు. ఆ పావుగంటను పక్కన పెడదాం.

కర్రతో మొదలుపెడతాను. తెల్లకర్ర పిడి దగ్గర చిన్న డబ్బా ఉంటుంది. అది మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, ఎదురుగా దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. దగ్గరవుతున్నకొద్దీ పిడి అదిరే తీరు మారుతుంది. గబ్బిలం విద్య. ఢిల్లీ ఐఐటీ వాళ్ళు ఈ పద్ధతిలోనే 2014లో స్మార్ట్‌కేన్ తెచ్చారు, మూడు మీటర్ల దూరం దాకా పసిగడుతుంది. వీళ్ళది దానికి దగ్గర చుట్టం. మామూలు కర్ర నేల సంగతి చెబుతుంది గానీ, రోడ్డు పక్కన ఆపిన లారీ వెనక చెక్క ఛాతీ ఎత్తున ఉంటే చెప్పదు. ఇది చెబుతుంది. రెండేళ్ళ కిందట అలాంటి చెక్కకు నుదురు అప్పగించినవాణ్ని కనుక దీని విలువ నాకు తెలుసు.

వారం రోజులు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఎం.వి.పి. కాలనీ వీధుల్లో పొద్దున ఆరింటికి బంగారంలా పనిచేసింది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తే మాత్రం పిడి అదురు ఆగలేదు. మురీ మిక్చర్ బండి, దాని చుట్టూ జనం, బెలూన్లవాడు, పరుగెత్తే పిల్లలు, అన్నీ అడ్డంకులే. అన్నిటికీ అదిరేది దేనికీ అదరనిదానితో సమానం. అర్ధగంటకు చెయ్యి తిమ్మిరెక్కి మీట ఆపేసి మామూలు కర్రలా వాడుకున్నాను. ఇంకొకటి: మూత లేని మురుగు కాలువను ఇది పసిగట్టదు. గోతిలోంచి అడ్డంకి తాలూకు ప్రతిధ్వని రాదు కదా. అది కర్ర మొన పనే. మొన మీద నమ్మకం తగ్గించుకుని డబ్బాను నమ్మే కుర్రాళ్ళు ఉంటారేమోనని నా భయం. ఆ మాటే వాళ్ళ నోటుపుస్తకంలో రాయించాను.

సంజ్ఞా భాష గదిలో తీర్పు చెప్పడానికి నేను తగను. వినికిడి లేని ఒక కుర్రాడు కెమెరా ముందు చేతులు కదిపితే కంప్యూటర్ తెలుగులో మాట పలికింది. వాళ్ళమ్మను అడిగితే, విడి మాటలను బాగానే పడుతోందని, వాక్యంగా కలిపితే తడబడుతోందని చెప్పింది. సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది. కనుబొమ ఎగరేస్తే ప్రశ్న అవుతుంది, చేతులొక్కటే చూస్తే సరిపోదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చిందని అక్కడే విన్నాను. "మా ఇంట్లో మేము కల్పించుకున్న సైగలు ఏ నిఘంటువులో ఉంటాయండీ" అంది ఆ తల్లి. నా దగ్గర జవాబు లేదు.

ఇక అసలు సరుకు: చదివే కళ్ళజోడు. దీనికోసమే నేను మూడుసార్లు వెళ్ళాను.

కుడి కాడకు గోరంత కెమెరా. తీగ ఒకటి జేబులోని డబ్బాకు వెళ్తుంది. శబ్దం చెవిలోకి కాకుండా చెవి ముందరి ఎముక మీంచి వినిపిస్తుంది, కనుక బయటి చప్పుళ్ళు మూసుకుపోవు. రోడ్డు మీద చెవులే కళ్ళయినవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు. మీట ఒకసారి నొక్కితే ఒక రకంగా, రెండుసార్లు నొక్కితే ఇంకో రకంగా చదువుతుంది. ఒక నొక్కుకు, ఎదుట ఉన్న అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చుకుని పలుకుతుంది. రెండు నొక్కులకు, పెద్ద భాషా నమూనా అనే కృత్రిమ మేధ ఒకటి బొమ్మ మొత్తం చూసి, "ఇది కరెంటు బిల్లు, మీరు కట్టవలసింది ఇంత" అని మనిషిలా చెబుతుంది. వీటికి వాళ్ళు ఇంగ్లీషులో ఏవో పేర్లు పెట్టారు. నేను మాత్రం మొదటివాడికి మొద్దబ్బాయి అని, రెండోవాడికి తెలివైనవాడు అని పేర్లు పెట్టుకున్నాను.

మొద్దబ్బాయిని తక్కువ చేయడం కాదు. తెలుగును యంత్రం చేత చదివించడం ఎంత కష్టమో సీసపు అక్షరాలు ముట్టుకున్నవాడికి తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు వరసలో బుద్ధిగా నిలబడతాయి. మనవి ఒకదాని నెత్తిన ఒకటి, కాళ్ళ కింద ఒకటి. కంప్యూటర్‌లో తెలుగుకు కేటాయించిన యూనికోడ్ పట్టికలో 128 గళ్ళే ఉన్నాయి గానీ, గుణింతాలూ ఒత్తులూ కలిస్తే కాగితం మీద కనిపించే రూపాలు వందలు, వేలు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు కాపురం ఉంటాయి. ప, వ, ష అన్నదమ్ముల్లా ఉంటాయి. "వు"కూ "మ"కూ మధ్య తేడా చూడటానికి ప్రెస్సులో మేము భూతద్దం పెట్టేవాళ్ళం. ధ, థ సంగతి సరేసరి. ఊళ్ళో సగం శిలాఫలకాల మీద అతిథి "అతిధి"గానే ఆవిష్కరణలు చేసి వెళ్ళాడు.

ఈ లెక్కన మొద్దబ్బాయికి మంచి మార్కులే వేయాలి. దినపత్రిక మొదటి పేజీని, మడతల దగ్గర తప్ప, దాదాపు ఆగకుండా చదివాడు. రంగుల కరపత్రం ఇస్తే కంగారు పడ్డాడు. ఒత్తులు ఎగిరిపోయాయి, "పిల్లలకు" కాస్తా "పిలలకు" అయింది. వినగానే తప్పని తెలుస్తుంది, మనసులో దిద్దుకుని ముందుకు పోవచ్చు.

నేను సంచిలో ఒక సావనీరు పట్టుకెళ్ళాను. 1998లో ఒక గుడి వార్షికోత్సవానికి మా ప్రెస్సులో వేసింది, ప్రూఫులు నావే. దాని ఫైలు కూడా నా దగ్గర ఉంది గానీ ఎన్‌వీడీఏతో చదివిస్తే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వినిపిస్తుంది. అప్పట్లో తెలుగు డీటీపీ పని, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని, ఎక్కువగా అను వంటి ఫాంట్లతో జరిగేది. వాటి ఏర్పాటు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టడం. కంటికి తెలుగే, కంప్యూటర్ కడుపులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే. చూపున్నవాళ్ళకు ఆ వేషం తెలియదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వేషాన్ని చూడదు, కడుపులో ఉన్నదే చదువుతుంది. ఏళ్ళ తరబడి వచ్చిన తెలుగు అచ్చు ఎంతో ఇలా నాలాంటివాళ్ళకు మూతపడి ఉంది. కళ్ళజోడు బొమ్మను చూసి చదువుతుంది కనుక ఈ గొడవ లేదు. నేను దిద్దిన పేజీలను పదేళ్ళ తర్వాత మళ్ళీ చదివించుకోగలనన్న ఆశతో వెళ్ళాను.

ఆ సావనీరు పదకొండో పేజీ నాకు కంఠతా వచ్చు. రావడానికి కారణం ఉంది. "ఈ మహత్కార్యానికి ముందుకు వచ్చిన పదిమంది దాతలకు" అని ఉండవలసిన చోట, పక్క మాటలోని సున్న ఒకటి ముందుకు కూడా దూకి, "పందిమంది దాతలకు" అని పడింది. నేను చూసుకోలేదు. 500 కాపీలు. దాతల్లో ఒకాయన ప్రెస్సుకు వచ్చి, తానొక్కడే అయితే క్షమించేవాణ్నని, మిగతా తొమ్మిదిమంది తరఫున కూడా అడగడానికి వచ్చానని అన్నాడు. ముద్రారాక్షసం అంటారు మనవాళ్ళు. ఆ రాక్షసుడు నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు.

మొద్దబ్బాయి చేత ఆ పేజీ చదివించాను. తడుముకోకుండా "పందిమంది దాతలకు" అన్నాడు. మా ఆవిడ పక్కున నవ్వింది, నేనూ నవ్వాను. రెండుసార్లు నొక్కి తెలివైనవాడికి ఇచ్చాను. గొంతు ఎంత మృదువుగా ఉందో చెప్పలేను. "ముందుకు వచ్చిన పదిమంది దాతలకు" అని చక్కగా చదివేశాడు.

మళ్ళీ చదివించాను. మళ్ళీ పదిమందే. అదే పేజీలో ఉన్న "అతిధి"ని కూడా "అతిథి" చేసేశాడు.

చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. అచ్చుతప్పును కూడా దిద్దుకుని చదివింది చూడండి అన్నారు. నాకు వెన్నులో చలి పుట్టింది.

ఎందుకో చెబుతాను. మా ప్రెస్సులో ఇద్దరు కంపోజిటర్లు ఉండేవారు. ఒకాయనకు నాలుగో తరగతి చదువు. రాతప్రతిలో కాకి గీత ఉంటే కాకి గీతే పేర్చేవాడు. ఆయన ప్రూఫు ఎర్రసిరాతో నిండిపోయేది గానీ ప్రతి తప్పూ ఎదురొచ్చి కనిపించేది. రెండో ఆయన భాషాప్రవీణ. చేతిరాత అర్థం కాకపోతే అడిగేవాడు కాదు, సందర్భానికి తగిన మాట తనే వేసేవాడు. ఆయన ప్రూఫు కడిగిన ముత్యంలా ఉండేది. ఒకసారి పెళ్ళిపత్రికలో ఊరి పేరు సరిగ్గా కనిపించకపోతే తనకు తెలిసిన ఊరు వేశాడు. వాక్యం తప్పు లేదు, అక్షరం తప్పు లేదు, ముహూర్తం తప్పు లేదు. చుట్టాలు మాత్రం వేరే ఊరికి వెళ్ళారు. ప్రూఫు దిద్దేవాడికి పెద్దాయన నేర్పిన మొదటి పాఠం, అర్థం చదవొద్దు, అక్షరం చదువు అని. ఈ తెలివైనవాడు అర్థం చదువుతున్నాడు.

అనుమానం తీర్చుకోవడానికి జేబులోంచి కంటిచుక్కల సీసా తీశాను. నాకు రెండు రకాల మందులు ఉన్నాయి. లాటానోప్రోస్ట్ రాత్రి ఒక్కసారి వేసుకునేది, టిమోలోల్ పొద్దునా సాయంత్రం. రెండూ వేలెడంత సీసాలే. టిమోలోల్ సీసా మీది కాగితం నీళ్ళు తగిలి తగిలి అరిగిపోయింది. అదే ఇచ్చాను. మొద్దబ్బాయి "ఓలోల్... సున్నా పాయింట్ ఐదు..." అని గొణిగి ఊరుకున్నాడు. నాకు ఆ తోక చాలు, ఏ సీసానో తెలిసిపోయింది. తెలివైనవాడు గొంతు సవరించుకుని, ఇది నీటికాసులకు వాడే లాటానోప్రోస్ట్ చుక్కల మందు అని, రోజుకు ఒకసారి రాత్రి వేసుకోవాలని, గడువు ఫలానా నెల వరకు ఉందని చెప్పాడు.

"ఏమండీ, అది పొద్దున వేసే సీసా. పైన గడువూ లేదు, ఏమీ లేదు, తెల్లకాగితం" అంది మా ఆవిడ.

చప్పట్లు కొట్టిన చోట నిశ్శబ్దం. ఇద్దరు ముగ్గురు, వెలుతురు తక్కువగా ఉందని, మళ్ళీ ప్రయత్నిద్దామని అన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "వెలుతురు కాదు మాష్టారూ. అది మనలా అక్షరం అక్షరం చూడదు. బొమ్మలో కనిపించినదాన్నీ, ఇదివరకు నేర్చుకున్న పేజీలనూ కలిపి, తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్క కట్టి పలుకుతుంది. చెరిగిపోయిన చోట కూడా ఏదో ఒక ముక్కకు అవకాశం ఎక్కువగానే ఉంటుంది. దానికి తెలియదు అనే మాట దానంతట అది రాదు" అంది.

"మరి మాకు వస్తుందమ్మా. ప్రూఫులో అనుమానం ఉంటే దిద్దం. మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి రచయితకు పంపుతాం" అన్నాను.

"వినేవాళ్ళకు మార్జిన్ ఎక్కడుంటుంది మాష్టారూ?"

మంచి ప్రశ్న. ఇద్దరం గంటసేపు దాని మీదే కూర్చున్నాం. అనుమానం ఉన్న ప్రతి మాట ముందూ "బహుశా" అనిపిద్దామని ఆమె అంది. పేజీకి నలభై బహుశాలు వింటే మనిషి కళ్ళజోడు విసిరికొడతాడని నేను అన్నాను. గొంతు మారుద్దామనుకుంటే, పద్యం మధ్యలో ఆడగొంతు మగగొంతు అయితే నాటకంలా ఉంటుంది. చివరికి నేను కాపీ చదివిన రోజులు గుర్తుకొచ్చాయి. రాతప్రతిలో మాట స్పష్టంగా లేకపోతే, ఆ మాట చదివే ముందు చేతిలో పెన్సిలుతో బల్ల మీద ఒకసారి తట్టేవాణ్ని. పెద్దాయన తల ఎత్తకుండానే అక్కడ గుర్తు పెట్టుకునేవాడు. చదువు ఆగేది కాదు. ఆమె బల్ల మీద తట్టి చూసింది. ఇంకోసారి తట్టింది. ఫోనులో ఆ చప్పుడును రికార్డు చేసుకుంది.

నెల తర్వాత రెండోసారి వెళ్ళాను. ఇప్పుడు కళ్ళజోడులో ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. తెలివైనవాడు పలకబోయే మాటను మొద్దబ్బాయి చూసిన అక్షరాలతో పోలుస్తారట, రెండూ కలవని చోట మాటకు ముందు బల్ల తట్టిన చప్పుడు వస్తుంది. మీట ఒకసారి నొక్కితే అక్కడ నిజంగా కనిపించిన అక్షరాలు వినిపిస్తాయి. సావనీరు పెట్టాను. "ముందుకు వచ్చిన" టక్ "పదిమంది దాతలకు". మీట నొక్కాను. "పందిమంది". 27 ఏళ్ళ కిందట నా పక్కన ఈ కుర్రాడు ఉండి ఉంటే బాగుండేది.

సీసా పెట్టాను. "మందు సీసా. పేరు చెరిగిపోయింది. కనిపించినవి: ఓలోల్, సున్నా పాయింట్ ఐదు. మిగతావి చదవలేకపోతున్నాను." ఇంతకన్నా మంచి తెలుగు వాక్యాన్ని యంత్రం నోట నేను వినలేదు.

అన్నీ కుదిరిపోయాయని అనుకోవద్దు. చేతిరాత మందుల చీటీ ఇస్తే రెండోసారి కూడా కథలు అల్లింది, టక్ లేకుండానే. అక్కడ మొద్దబ్బాయికి కూడా అక్షరాలు సరిగ్గా దొరకవు, పోల్చడానికి ఏమీ ఉండదు. మూడోసారికి ఆ పనే తీసేశారు. చీటీ చూపిస్తే, "చేతిరాత చీటీలు చదవను, మందుల దుకాణంలో అడగండి" అంటుంది. ఒక పని చేయనని చెప్పే పరికరాన్ని సందర్శకుల ముందు పెట్టడానికి వాళ్ళ పెద్దలు ఒప్పుకోవడం లేదని ఆ అమ్మాయి మాటల్లో అర్థమైంది. ఒప్పించింది అనుకుంటాను.

ఉచ్చారణ సంగతి వేరే చెప్పాలి. తెలుగు చదువుతున్నప్పుడు "చాప"లో చ ఒకటి, "చేప"లో చ ఇంకొకటి అని దానికి ఎవరూ చెప్పలేదు. "జల్లు"నూ "జలం"నూ ఒకే జకారంతో లాగించేస్తుంది. పాతపుస్తకాల్లో ౘ, ౙ అని గుర్తు పెట్టేవాళ్ళు, ఇప్పుడు మనం గుర్తు లేకుండానే నోటి వాడుకలో నేర్చుకుంటాం. యంత్రానికి నాయనమ్మ లేదు కదా. "కి.మీ." వస్తే "కి చుక్క మీ చుక్క" అంటుంది. ఫోను నంబరును కోట్లలో చదువుతుంది. నాకు వచ్చిన ఫోను నంబరు విలువ తొమ్మిది వందల కోట్ల పైచిలుకు అని తెలిసి మా ఆవిడ సంతోషించింది. మూడు పేజీల పట్టిక ఆమె చేత రాయించి ఇచ్చాను. రిటైరైన మనిషికి మళ్ళీ ఉద్యోగం దొరికిందని ఎద్దేవా చేసింది గానీ, "చలి"నీ "చలనం"నీ జాబితాలో చేర్చింది తనే.

ఇంకో పేచీ ఉంది. ఒక నొక్కు చదువు డబ్బాలోనే జరిగిపోతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండు నొక్కుల చదువుకు బొమ్మ పరిశోధనశాల కంప్యూటర్‌కు వెళ్ళి రావాలి. బ్యాంకు పాస్‌బుక్కు పెట్టే ముందు అడిగాను, ఆ బొమ్మ ఏమవుతుందని. చదివిన వెంటనే చెరిపేస్తామన్నారు. కాగితం మీద రాసివ్వమన్నాను. అప్పుడు సమ్మతి పత్రం ఒకటి ఇచ్చారు. కళ్ళజోడుతో చదివిస్తే తెలివైనవాడు, "ఇది పరిశోధనకు మీ అంగీకారం తెలిపే పత్రం, కింద సంతకం చేయండి" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. మొద్దబ్బాయి చేత నాలుగు పేజీలూ చదివించుకుని, తొమ్మిదో అంశం దగ్గర ఆపి, "పరిశోధన అవసరాల కోసం బొమ్మలను భద్రపరచవచ్చు" అన్న వాక్యాన్ని కొట్టేయించి సంతకం పెట్టాను. వెళ్ళేవాళ్ళు ఆ తొమ్మిదో అంశం చూసుకోండి.

నక్షత్రాలు ఇవ్వమంటే కర్రకు మూడు, కళ్ళజోడుకు మొదటిసారి ఒకటిన్నర, మూడోసారి నాలుగు. సంజ్ఞా భాష గదికి మార్కులు వేయవలసింది ఆ కుర్రాడు. కళ్ళజోడు వేడెక్కుతుంది, నలభై నిమిషాలకు బ్యాటరీ అయిపోతుంది, తీగ చొక్కా బొత్తాలకు చిక్కుకుంటుంది. ధర ఇంకా నిర్ణయించలేదు. ప్రస్తుతానికి వికలాంగుల గుర్తింపు కార్డు చూపిస్తే రెండు వారాలకు ఉచితంగా ఇస్తున్నారు, చూడటానికి శనివారం మధ్యాహ్నాలు రానిస్తారు. మీకూ ఆహ్వానం వస్తే ముందు ఫోను చేసి వెళ్ళండి. మీ సొంత కాగితాలు పట్టుకెళ్ళండి, వాళ్ళు బల్ల మీద పెట్టి ఉంచిన కాగితాలను ఆ కళ్ళజోడు ఇప్పటికే వందసార్లు చదివేసింది. మడతలు పడ్డవి, నూనె మరకలున్నవి, రేషను దుకాణం రసీదులు, పాత ఉత్తరాలు పట్టుకెళ్ళండి. మెట్లు ఎక్కగలిగితే మెట్లే మేలు, కుడివైపు పట్టుకోవడానికి చివరిదాకా కమ్మీ ఉంది.

లిఫ్టులో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మూడోసారి వెళ్ళినప్పుడు గాజు పలక పక్కన బ్రెయిలీ స్టిక్కర్లు తగిలాయి. మొదటి అంతస్తు, రెండో అంతస్తు సరిగ్గా ఉన్నాయి. మూడో దాని మీద వేలు పెడితే ముందు అడ్డగీత, తర్వాత "ప" అని తగిలింది. ఏమిటా అని రెండుసార్లు తడిమి చూశాను. తలకిందులుగా అంటించారు. పైకి వెళ్ళగానే ఆ అమ్మాయికి చెప్పాను.

"వచ్చే శనివారానికి దిద్దేస్తాం మాష్టారూ" అంది.